ఫౌజీ లైన్లలో మా చెల్లి గడప

ఆర్మూర్‌లో మా చెల్లి లలితకు సర్కారు ఇల్లు వచ్చిందని కబురు. వాళ్ళ అత్త గంగవ్వ ఆ ఇంట్లో కాలు పెట్టనంటోందని కూడా అదే కబురు. అందుకే బయల్దేరాను. ఇది తొంభైల మొదట్లోని మాట. మాకు అమ్మ లేదు, నలుగురిలో పెద్దదాన్ని నేనే. ఆ ఇల్లు పెర్కిట్ వైపున్న పాత ఫౌజీ లైన్లలో ఉంది. సిపాయిలు వెళ్ళిపోయాక అక్కడ చాలా ఏళ్ళు మేకలు పడుకున్నాయి. తర్వాత ఆ పొడవాటి హాళ్ళలో మధ్యగోడలు లేపి, చిట్టీలు తీసి, కుటుంబానికి రెండేసి గదులు ఇచ్చారు. చిట్టీకి కులం తెలియదు. బడిపంతులు పక్కన హమాలీ, హమాలీ పక్కన వడ్రంగి. ఆ రోజు పొద్దుగూకేలోగా పాలు పొంగించి కాపురం పెట్టకపోతే లలిత గదులు వేరేవాళ్ళకు పోతాయి. ఇంటి పెద్ద అత్తే, ఆమె ముందు కాలు పెట్టనిదే పాలు పొంగించరు.

నిజామాబాద్‌లో తెల్లవారగానే బస్సెక్కితే ఆర్మూర్‌కు గంటలోపే. దారి పొడవునా పొలాల్లో పసుపు ఉడకబెడుతున్న పొగ. సిద్ధులగుట్ట నల్లరాళ్ళు కనబడగానే చేతులు జోడించాను. బస్టాండు బయట పెర్కిట్ ఆటోలు నిండితేనే కదిలేవి. మనిషికి రెండు రూపాయలు. నా పక్కన ఒక పసుపు బస్తాను కూర్చోబెట్టారు.

"బస్తాకు గూడ మనిషి కిరాయేనా?" అని అడిగాను.

"మనుషులకన్న బస్తానే నయం అక్కా. జర ఆపు, జర ఆపు అని లొల్లి పెట్టది," అన్నాడు డ్రైవర్. ఫౌజీ లైన్లకని చెబితే వెనక్కి తిరిగి చూశాడు. "గాడ అన్ని తీర్ల మంది ఉంటరు. కొట్లాటల్లేవు గని, నల్లా కాడ మస్తు పంచాయితి."

ఎదురెదురుగా రెండు లైన్లు, మధ్యలో సిపాయిలు కవాతు చేసిన మైదానం. అక్కడ పసుపు కొమ్ములు ఆరబోసి ఉన్నాయి. వాళ్ళ ఊరు ముప్కాల్ నుంచి వచ్చిన గంగవ్వ లలిత తలుపు ముందు ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే తలుపు కిందికి చెయ్యి చూపింది. అక్కడ గడప లేదు. లోపలి గచ్చు అలాగే వరండాలోకి వచ్చేసింది. సున్నం వేశారు, నల్లా పెట్టారు, గడప సంగతి మాత్రం ఎవరికీ తోచలేదు. సిపాయిలకు దానితో పనేముంది?

"గడప లేనిది ఇల్లెట్లయితది బిడ్డా? లక్ష్మి ఏడ నిలవడ్తది? గిది దవాఖాన లెక్కుంది."

"నేను పసుపుతోని గీత గీసిన గదక్కా, గదే గడప అనుకోమన్న," అంది లలిత. 

"నీ గడప కోడి కాళ్ళకంటుకొని లైనంత తిరిగొచ్చింది," అంది గంగవ్వ.

నేను వాదించలేదు. మా అమ్మ శుక్రవారం గడప కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టాకే పొయ్యి వెలిగించేది. "గడప పెడితె వస్తవా అత్తమ్మా?" అని మాత్రం అడిగాను.

"ఎందుకు రాను? నాకేమన్న పగనా?"

మూడో గుమ్మంలో ఉండే వడ్రంగి యాకూబ్ వచ్చి కొలత తీశాడు. "గింత టేకు కట్టె ఇయ్యాల దొరకదమ్మా. కోత మిషన్ల కోపిచ్చి తేవాలె," అన్నాడు. లలిత తలుపుకు ఆనుకుని నిలబడిపోయింది. అప్పుడు పక్కింటి రాజవ్వ, హమాలీ భార్య, చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "మా ఇంట్ల ఒకటున్నది," అంది.

వెళ్ళి చూశాం. గోడకు పొడుగాటి టేకు పలక, అంచు వెంట అర్ధచంద్రాల్లా గంట్లు. ఒకప్పుడు తుపాకులు ఆనించి నిలబెట్టినవి. ఇప్పుడు ఆ గంట్లలో రాజవ్వ గరిటెలు వేలాడుతున్నాయి. బయటికొచ్చి అందరం గంగవ్వ వైపు చూశాం. ముప్కాల్‌లో గంగవ్వ వాళ్ళు రాజవ్వ కులపోళ్ళ ఇంట మంచినీళ్ళు కూడా ముట్టరు.

"ఎవలింటి కట్టెనే గది?" అని అడిగింది గంగవ్వ.

"ఫౌజోల్లది పెద్దమ్మా. మాకన్న ముందుగాల దాని మీద తుపాకులు నిలవడ్డయి. తుపాకులకు కులముంటదా?"

 ట్రంకుపెట్టె మీది నీడ జరిగి ఎండ గంగవ్వ పాదాల మీద పడింది. కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకున్నాను. కాసేపటికి ఆమె గొంతే వినిపించింది. "కట్టె ఇస్తె, మరి నీ గరిటెలు ఏడ పెడ్తవే?"

"నీ కోడలింట్ల తగిలేస్త," అంది రాజవ్వ.

యాకూబ్ రంపం పట్టాడు. పలక కూర్చున్నాక గంగవ్వే కడిగింది, పసుపు రాసింది. గంట్లన్నీ పసుపుతో నిండాయి. కుడికాలు పెట్టి లోపలికి వెళ్ళింది. పాలు పొంగాయి. రాజవ్వ ఇంకా బయటే నిలబడి ఉంది. "దాటి రావే. నువ్వు దూరం నిలవడితె గడప ఎందుకు?" అని గంగవ్వ పిలిచింది.

తర్వాతి నెలల్లో లైన్లలో ఒక్కో ఇంటికీ గడప వచ్చింది. పాత బల్ల కట్టె ఒకరిది, విరిగిన బండి కట్టె ఇంకొకరిది. గంగవ్వ ముప్కాల్ మళ్ళీ వెళ్ళలేదు, ఆఖరిదాకా అక్కడే ఉంది. ఎన్నో గుళ్ళ గడపలకు మొక్కాను. కళ్ళు మూసుకుంటే ముందు ఆ గంట్ల పలకే గుర్తొస్తుంది.

మీరు వెళ్ళేటట్టయితే పసుపు ఆరబోసే ఎండాకాలం మొదట్లో, ఎండ ముదరకముందే వెళ్ళండి. ఆర్మూర్ బస్టాండు నుంచి పెర్కిట్ ఆటో ఎక్కితే చాలు. లైన్లలో ఎవరైనా లోపలికి పిలిస్తే ఒక్కసారి కిందికి చూసుకోండి. గడప తొక్కకండి, దాటండి. పసుపు ఇంకా తడిగానే ఉంటుంది.