అమావాస్యనాటి బరువు

మా నాయన గుంట మగ్గం మీద లుంగీలు నేసేవాడు. తమిళనాడులోని గుడియాత్తంలో మా ఇల్లు పల్లంలో ఉంది. వాన పడితే మగ్గం గుంటలో నీళ్ళు ఊరేవి. ఆ నీళ్ళలోనే కాళ్ళు పెట్టుకుని నేసి నేసి ఆయన పాదాలు పాడయ్యాయి. పోయిన ఏడాది నేతగాళ్ళ సంఘం మిట్ట మీద ఒక షెడ్డు కట్టింది. ఎక్కువ ఏళ్ళు నేసినవాళ్ళకే అందులో చోటు. ఆ లెక్కన నాయనకు తప్పకుండా వచ్చేది. బ్రౌజింగ్ సెంటరుకు తానే వెళ్ళి, వేలిముద్ర వేసి, సంఘం వెబ్‌సైటులో పేరు ఎక్కించుకుంటే చాలు. గడువు అమావాస్య సాయంత్రం అయిదు గంటలకు.

ఆ వెబ్‌సైటు నడిచేది వేలూరులో, నేను పనిచేసే డేటా సెంటరులోనే.

మా దగ్గర ఒక్కో పెద్ద సర్వరులో చాలా వర్చువల్ మెషీన్లు ఉంటాయి. ఒకే ఇంట్లో వేరువేరు కాపురాల్లాగా, ఒక్కొక్కటి ఒక్కో సంస్థ పని చూసుకుంటుంది. చాలావరకు అవి ఊరికే ఉంటాయి. ఊరికే ఉన్నా సర్వరు కరెంటు తింటుంది, దాన్ని చల్లార్చే ఏసీ ఇంకా తింటుంది. అందుకని పని తక్కువున్నవాటిని ఒకచోట చేర్చి, ఖాళీ అయిన సర్వర్లను ఆపేయాలి. దేన్ని ఎక్కడ చేర్చాలో జాబితా రాయడం నా పని.

రెండు వారాల గ్రాఫులు చూశాను. మా ఊరి సంఘం గీత నేలకు అంటుకుపోయినట్టు ఉంది. దాన్ని పదకొండింటితో కలిపి ఒకే సర్వరులో ఇరికించాను. మీటింగులో మా సీనియరు జాబితా చదివి, వీటిలో ఏదైనా ఒక్కరోజే ఎక్కువ పని పడేది ఉందా అని అడిగాడు. నాకు తెలుసు. మా ఊళ్ళో నేతగాళ్ళు మగ్గం ఆపేది అమావాస్య ఒక్కరోజే. బయట పనులన్నీ, ఎంత అవసరమైనవైనా, ఆ రోజుకే దాచుకుంటారు. కానీ అందరూ ఇంగ్లీషులో మాట్లాడుతున్న ఆ గదిలో అమావాస్య అని ఎలా అనడం? నవ్వుతారనిపించింది. నోరు తెరిచి, మూసుకున్నాను. జాబితా బాగుందని మెచ్చుకున్నారు.

అమావాస్యనాడు డ్యూటీలో నేనే ఉన్నాను. పది గంటలకల్లా నా తెర మీద ఆ సర్వరు గుర్తు ఎర్రబడింది. కాసేపటికి నాయన బ్రౌజింగ్ సెంటరు నుంచి ఫోను చేశాడు.

"పాపా, ఆ చక్రం తిరగతానే ఉండాది. పేజీ రాలేదు. వరసలో శానామంది ఉండారు."

వెనక నుంచి ఎవరిదో గొంతు వినబడింది. "నీ బిడ్డ యాడ పనిచేస్తాదో దండోరా వేస్తివే, ఇప్పుడు చెప్పి తెరిపించప్పా." నలుగురూ నవ్వారు. నాయన కూడా నవ్వాడు.

ఆపేసిన సర్వరును మళ్ళీ లేపాలంటే సీనియరు అనుమతి కావాలి. మెయిలు పెట్టాను. ఫోను చేయడానికి మధ్యాహ్నం దాకా జంకాను. చివరికి చేస్తే వెంటనే ఒప్పుకున్నాడు. కానీ అంత పని బరువు మీదున్న వర్చువల్ మెషీన్‌ను ఇంకో సర్వరుకు మార్చడం అనుకున్నంత సులువు కాలేదు. మార్పు రెండుసార్లు మధ్యలో ఆగిపోయింది. అది అవతలికి చేరేసరికి అయిదు దాటింది. వెబ్‌సైటు చటుక్కున తెరుచుకుంది. గడువు ముగిసిందని చూపించింది.

సంఘంవాళ్ళు గడువు పెంచలేదు. ఏదో పని మీద బజారుకు వెళ్ళి ముందే నమోదు చేసుకున్న కొద్దిమందికే చోటు దక్కింది. పోయిన నెల నాయన మగ్గం విప్పేశాడు. కట్టెలు అటక మీద పెట్టి, గుంటను మట్టితో పూడ్చాడు. ఇప్పుడు ఆ కాళ్ళతోనే సెంట్రింగు పనికి వెళ్తున్నాడు.

కారణం నేనని ఆయనకు తెలియదు. ఈ నోటుబుక్కులో మాత్రం రాసుకున్నాను. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా బడిలో అందరూ చదివింది తమిళం; తెలుగు చదవడం మా ఇంట్లో నాకొక్కదానికే వచ్చు. అందుకే దీన్ని దాచాల్సిన అవసరం కూడా లేదు. నిన్న సాయంత్రం, పూడ్చిన గుంట మీద కూర్చుని రాస్తుంటే నాయన వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఇంత రాసినావే, ఏముండాది దీంట్లో?"

"ఆఫీసు పని నాయనా."

అక్షరాల వంక కాసేపు చూశాడు. కళ్ళు పాడైపోతాయని, మగ్గానికి వేసుకునే లైటు నాకోసం వేసి, లోపలికి వెళ్ళాడు.