అటు తిరిగిన గువ్వ

యెప్రెం ముసలాయన అన్ని విషయాల్లోనూ నిజమే చెప్పేవాడు, ఒక్క గువ్వ విషయంలో తప్ప. దాని గురించి మాత్రం రోజుకో కొత్త అబద్ధం. చెప్పింది మళ్లీ చెప్పేవాడు కాదు.

ఆ ఆర్మేనియా కొండమీది మఠానికి గుమ్మం పైన రాతిలో ఒక గుర్తు చెక్కి ఉంది. ఎనిమిది వందల ఏళ్లనాటిది. నడుమ సిలువ, చెరోపక్కా ఒక గువ్వ. కుడివైపు గువ్వ బుద్ధిగా సిలువని చూస్తూంటుంది. ఎడమది మాత్రం పెళ్లిలో అలిగిన అల్లుడిలా వీపు తిప్పేసి లోయకేసి చూస్తుంది. మఠం వారి కొవ్వొత్తి పెట్టెల మీదా, వైన్ సీసాల మీదా అదే ముద్ర. వచ్చినవాళ్లందరూ అడిగే ప్రశ్నా ఒక్కటే: "ఆ గువ్వ అటెందుకు తిరిగింది?" గుమ్మం పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్న యెప్రెం చెవిన అది పడితే చాలు, మీసం కదిలేది.

కొత్త పెళ్లికూతురు అడిగితే, "మొగుడి మీద అలిగిందమ్మా. సాయంత్రానికి అతనే బతిమాలుకున్నాడులే" అనేవాడు. గొర్రెల కాపరి అడిగితే, "తోడేలు రాకుండా కాపలా. ఇద్దరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తే మంద గతేం కాను?" అనేవాడు. బడిపంతులుకైతే, "మీ క్లాసులో ఆఖరి బెంచీ అది" అని సరిపెట్టాడు.

"బాబాయ్, పొద్దున్న తోడేలన్నావు, ఇప్పుడు అలకంటున్నావు. వాళ్లిద్దరూ బస్సులో కలిస్తేనో?" అనేది నాజెలి. ఆయన పక్కనే బల్ల వేసుకుని ఇరవై ఆరేళ్లుగా కొవ్వొత్తులు అమ్ముతోంది ఆవిడ.

"కలవనీ అమ్మాయ్. దారంతా కబుర్లుంటాయి."

అసలు సంగతేమిటని నిలదీస్తే మాత్రం ఆయన కూడా గువ్వలాగే లోయకేసి తిరిగేవాడు. లోయలో ఆనకట్ట నీళ్లు. ఆ నీళ్ల కింద ఆయన పుట్టిన ఊరు, ఊరి చుట్టూ ద్రాక్షతోటలు, వాళ్లమ్మ సమాధి. "మా ద్రాక్షకి తేనె వాసన వేసేది" అనేవాడు. ఆ ఒక్క మాటా ఇరవై ఆరేళ్లలో ఒక్కసారీ మార్చలేదు.

ఇలా ఉండగా మఠానికి కొత్తగా ఫాదర్ మెస్రోప్ వచ్చాడు. ఎవరింట్లో భోంచేసినా, కూరలో ఉప్పెక్కువైందని వాళ్ల మొహానే చెప్పేంత సత్యవంతుడు. ఆగస్టులో ద్రాక్ష ఆశీర్వాదం పండగ. అది అయ్యేదాకా ఆ ప్రాంతంలో ఎవరూ ఒక్క ద్రాక్షపండు నోట్లో వేసుకోరు. చంటిపిల్ల తిన్నా తల్లికి తిట్లు తప్పవు. ఆ ఏడు పండక్కి బిషప్ గారు వస్తున్నారు.

"పెద్దాయనా, మన గుర్తు అర్థం ఇత్తడి పలక మీద చెక్కించి గోడకి బిగిస్తాను. ఒక్కటే అర్థం. నిజమైనది" అన్నాడు ఫాదర్.

"వేలకొద్దీ ఉన్నాయి ఫాదర్, ఏరుకోండి."

"అసలుది నీకు తెలుసా, తెలీదా?"

"తెలుసు."

"చెప్పు మరి."

"చెప్పను."

ఫాదర్ చెవులు ఎర్రబడ్డాయి. "దేవుడి గుమ్మంలో అబద్ధాలు ఇక చాలు. శనివారంలోగా నిజం చెప్పు. లేదా నీ పీట తీసుకుని బయల్దేరు."

శనివారం పొద్దున యెప్రెం నిజంగానే పీటని తాడుతో వీపుకి కట్టుకున్నాడు. వెళ్లడానికి ఊరంటూ లేని మనిషి. నాజెలి అడ్డం నిలబడింది.

"ఎక్కడికి బాబాయ్? నీళ్లలోకా?"

"చెప్పొద్దని ఒకాయన అడిగాడమ్మా. సరేనన్నాను."

"ఎవరాయన? నేను మాట్లాడతాను."

"ఆయన పోయి చాలాకాలమైందిలే."

అప్పుడు నాజెలికి తట్టింది. ఏటా పండగ కాగానే ఈయన ఆశీర్వదించిన మొదటి గుత్తి పట్టుకుని నిచ్చెనెక్కి, ఆ గుర్తు పైన పెట్టి వస్తాడు. పిచ్చుకలకనుకుంది ఇన్నాళ్లూ, ఆ పోయినాయనకేమో. ముసలాయన్ని అక్కడే ఉండమని, పరుగున వెళ్లి ఫాదర్‌ని లాక్కొచ్చింది. "నిచ్చెన నేను పట్టుకుంటాను. మీరొక్కసారి ఎక్కి చూడండి."

ఫాదర్ అంగీ ఎత్తిపట్టుకుని ఎక్కాడు. కిందినుంచి కనపడని రాతి పై అంచు మీద కిందటేటి ద్రాక్ష తొడిమలు ఎండి ఉన్నాయి. వాటి అడుగున చిన్నచిన్న అక్షరాలు. చేత్తో దుమ్ము తుడిచి, కూడబలుక్కుంటూ చదివాడు.

"ఈ రాయి చెక్కిన పాపిని, సన్యాసి హోవ్‌సెప్‌ని. పండగ ఇంకా తొమ్మిది రోజులుండగా మా అమ్మ లోయలోని మా తోట ద్రాక్ష మోసుకుని, రోజంతా కొండెక్కి వచ్చింది. పండగదాకా ఆగేవి కావు. అమ్మ చూస్తూండగా తినేశాను. ఆ తర్వాత సిలువ మొహం చూడలేక ఒక గువ్వని మా తోటవైపు తిప్పాను. చదివినవాడా, నా సంగతి ఎవరికీ చెప్పకు. నా కోసం ప్రార్థించు."

ఫాదర్ ఎంతకీ దిగలేదు.

"నా చేతులు లాగేస్తున్నాయి ఫాదర్" అంది నాజెలి.

దిగాక ఆయన గొంతు తగ్గింది. "ఎప్పుడు చదివావు పెద్దాయనా?"

"నలభై ఏళ్లయింది. మా ఊరు మునిగిన ఏడు, పావురాల రెట్ట కడగడానికి ఎక్కాను. ఆ గువ్వ చూసేది మా ఊరివైపే. అవి మా ఊరి ద్రాక్షే. నాకిక తెచ్చేవాళ్లు లేరు. ఆయనైనా వాళ్లమ్మ చేతివి తిన్నాడు కదా ఫాదర్. దానికి ఊరందరిలో తలవంపులా?"

ఆయన వీపు మీది పీట తాడు ఫాదరే విప్పాడు.

ఆదివారం ద్రాక్షలు ఆశీర్వదించి వెళ్తూ, బిషప్ గారు గుమ్మంలో ఆగి తలెత్తారు. గోడకి పలక లేదు, దానికోసం తవ్విన నాలుగు కన్నాలే ఉన్నాయి.

"ఆ గువ్వ అటు తిరిగిందేం ఫాదర్?"

యెప్రెం తన బూట్లకేసి చూసుకుంటున్నాడు. ఫాదర్ చెవులు ఎర్రబడ్డాయి.

"అది... ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం ఎదురుచూస్తోంది, బిషప్ గారూ. దారి తప్పిపోకుండా."

"ఎంత బావుంది! పాత గ్రంథాల్లో ఉందా?"

"ఉందండీ" అనేశాడు ఫాదర్.

బిషప్ గారి కారు మలుపు తిరిగాక యెప్రెం పీట మీద సర్దుకున్నాడు. "కొత్తలో ఆమాత్రం చెప్పడం గొప్పే ఫాదర్. గ్రంథాల జోలికి మాత్రం వెళ్లకండి, వెతుకుతారు."

ఫాదర్ చెవులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఆశీర్వదించిన గుత్తుల్లో పెద్దది ఏరి ముసలాయన చేతిలో పెట్టి, నిచ్చెన తేవడానికి వెళ్లాడు.