జవాబు చుట్టూ డబ్బా

సత్యదేవ్‌కు నలభై ఆరేళ్లు. ఫ్యాక్టరీలో మెషీన్లు బాగుచేస్తాడు. ప్రమోషన్ కోసం సాయంత్రం కాలేజీలో ఇంజనీరింగ్‌కు చేరి అన్ని పేపర్లూ గట్టెక్కాడు, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు తప్ప. ఆ పేపరు నాలుగుసార్లు పోయింది. సోమవారంది ఆఖరి అవకాశం. అందుకే రోజూ డ్యూటీ దిగగానే, కాప్రాలో తన పక్క వాటాలో ఉండే ఫెయిత్ దగ్గర కూర్చుంటాడు. ఆ పిల్లది ఇంజనీరింగ్ మూడో ఏడు. ఎంత సబ్బు రుద్దినా అతని గోళ్లలో గ్రీజు పోదు, అందుకని నోటుబుక్కు కింద రుమాలు పరుస్తాడు. స్కేలు పెట్టి మార్జిన్ గీస్తాడు. ఆమె వేసిన ప్రతి మెట్టునూ ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కించుకుంటూ, ప్రతిదానికీ తల ఊపి "సమజైంది బేటా" అంటాడు. చివర జవాబు చుట్టూ ఎర్రపెన్నుతో డబ్బా కడతాడు.

నిన్న చేసింది స్ప్రింగుకు వేలాడే బరువు లెక్క. నడుమ ఫెయిత్ ఒక మైనస్ మరిచింది. మెల్లగా ఆగిపోవలసిన ఊపు కాగితం మీద అంతకంతకూ పెరిగిపోయింది. సత్యదేవ్ తల ఊపాడు, డబ్బా కట్టాడు. ఆ డబ్బాలో చూశాక గానీ ఆమెకు తన తప్పు తెలియలేదు.

"అంకుల్, స్ప్రింగు ఆగకుండ గిట్ల పెరుగుకుంట ఊగుతదా? ఇరవై ఏండ్ల నుంచి మెషీన్లు చూస్తున్నరు కద!"

"లేదు బేటా, మెషీన్ల అయితే జెర సేపట్ల ఆగుతది," అన్నాడతను సిగ్గుపడుతూ. "లెక్కల పెరుగుతదేమో అనుకున్న."

ఫెయిత్ మరిచిన చోట మైనస్ పెట్టింది. అతను పాత డబ్బా మీద వైట్‌నర్ పూసి, ఆరేదాకా ఊది, కొత్త జవాబు రాసి మళ్లీ డబ్బా కట్టాడు.

"సమజైంది బేటా," అన్నాడు.