డిస్కుల హాజరు

ఆ ఆసుపత్రిలో ఆవిడ అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. వాచ్‌మన్ నుంచి సూపరింటెండెంటు దాకా అందరికీ ఆవిడ హాజరక్కే. ఎదురుగా అయితే అక్క, చాటుగా అయితే హాజరక్క, అంతే తేడా. ఆ పేరు ఆవిడకి తెలియదనుకుంటున్నారేమో! బాగా తెలుసు. తెలిసీ తెలియనట్టు ఊరుకుంటుంది. లోపల్లోపల ఆ పేరంటే బోలెడంత ఇష్టం మరి.

ఇరవై రెండేళ్ల కిందట రికార్డు గదిలో చేరింది. నేల నుంచి కప్పు దాకా కాగితాల కట్టలు, ఒక స్టూలు, రోజంతా తుమ్ములు. చేరిన రెండో నెలలోనే ఒకే పేరున్న ఇద్దరు రోగుల ఫైళ్లు తారుమారు చేసి వార్డుకి పంపేసింది. ఒకాయనకి షుగరుంది, ఇంకొకాయనకి లేదు. ఇంజెక్షన్ ఇవ్వబోతూ నర్సమ్మ ఎందుకో ఫైలు నంబరు పైకి చదివింది. మంచం మీది పెద్దాయన "ఆ నంబరు నాది కాదు తల్లీ" అన్నాడు కాబట్టి గండం గడిచింది. ఆ పూట ఆవిడ స్టూలు మీద కూర్చుని కుళ్లికుళ్లి ఏడ్చింది. ఏడుపయ్యాక ముక్కు చీదుకుని ఒక నియమం పెట్టుకుంది. పేరు చూసి ఏదీ ఇవ్వకూడదు. ఒకరు నంబరు చదవాలి, ఇంకొకరు వస్తువు మీద చెయ్యేసి, సరిచూసి "ఉన్నా" అనాలి. అచ్చం బడిలో హాజరు వేసినట్టు.

తర్వాత కాగితాలు పోయి కంప్యూటర్లు వచ్చాయి. మెట్ల కింద చిన్న గదిలో సర్వర్లు పెట్టి "దీన్ని ఎవరు చూసుకుంటారు?" అని అడిగితే అందరూ కప్పు వైపు చూశారు. ఆవిడ చెయ్యెత్తింది. చేతికి దిండంత పుస్తకం ఇచ్చారు, చదివింది. పక్కన పడేసిన పాత యంత్రం ఒకటి తెచ్చుకుని, కంప్యూటర్ని నడిపించే లినక్స్ అనే ప్రోగ్రాము ఎక్కించింది, చెడగొట్టింది, మళ్లీ ఎక్కించింది. పదకొండుసార్లు చెడగొట్టిందట, ఆవిడే గొప్పగా చెప్పుకుంటుంది. పన్నెండోసారి అది చెప్పిన మాట విన్నది.

డిస్కులకీ హాజరు వెయ్యడం మొదలుపెట్టింది అప్పుడే. ఎందుకంటారా? లినక్స్ లేచిన ప్రతిసారీ డిస్కులకి ఎ, బి, సి, డి అని అక్షరాలు పంచుతుంది. ముందు పలికినదానికి ముందు అక్షరం. ఇవాళ ఎ అన్నది రేపు సి కావచ్చు, అడిగే నాథుడు లేడు. కానీ తయారైన చోట డిస్కు మీద వేసిన నంబరు మాత్రం చచ్చేదాకా మారదు. అందుకని ఆవిడ ప్రతి డిస్కు ముందు గాయాలకి అంటించే ప్లాస్టరు ముక్క అంటించి, నంబరులో చివరి నాలుగంకెలు పెన్నుతో రాసింది. ఏ డిస్కులోనైనా ఉన్నది చెరిపేసే పని వస్తే, తెర మీద కనిపించే నంబరు తను చదువుతుంది. డిస్కుల దగ్గర నిలబడ్డ రెండో మనిషి ఆ ప్లాస్టరు వెతికి, వేలు పెట్టి "ఉన్నా" అనాలి. అనకపోతే పని ఆగినట్టే. రెండో మనిషికి కంప్యూటరు తెలియక్కర్లేదు, అంకెలు తెలిస్తే చాలు. అందుకే ఆ పని ఎక్కువగా వార్డు ఆయమ్మకి పడేది. ఆయమ్మకి అక్షరాలు రావు గానీ మంచాల నంబర్లూ సీసాల నంబర్లూ ముప్పై ఏళ్లుగా చదువుతోంది, అంకెల్లో ఆయమ్మని బోల్తా కొట్టించడం ఎవరి తరమూ కాదు.

ఇక అసలు సంగతికొస్తాను. సర్వర్లు మూడూ ముసలివైపోయాయి. వాటి బదులు ఒకే పెద్ద యంత్రం వచ్చింది. పెద్ద కార్యాలయం వాళ్లు కండిషను పెట్టారు. ఈ మార్పిడి ఆవిడ సొంతంగా, ఏ ఒక్క రికార్డూ పోకుండా చేస్తే సర్వరు గది ఆవిడ చేతిలోనే ఉంటుంది. లేదంటే గది తాళాలు ఏదో కంపెనీకి ఇచ్చేసి, ఆవిడని ఓపీ చీట్ల కిటికీకి పంపేస్తారు. పని చూసి రిపోర్టు రాయడానికి ఒక ఇంజనీరుని కూడా పంపారు. సన్నగా, కళ్లజోడుతో, మర్యాదగానే ఉంటాడు గానీ గడియారం చూసే జబ్బుంది.

ఆ మాట విన్న సాయంత్రం ఆవిడ ఇంట్లో అన్నం కెలుకుతూ కూర్చుంది. భర్త దర్జీ. ఏం జరిగినా ముందు గుడ్డ లెక్కలో చెప్తే గానీ ఆయన బుర్రకెక్కదు.

"ఇనుప యంత్రం ఒకటేనండీ. దాని కడుపులో ఐదు యంత్రాలు నడుస్తాయి. ల్యాబుకొకటి, మందుల గదికొకటి, ఎక్స్‌రేకొకటి అట్లా. వేటికవే ఇల్లంతా తమదే అనుకుంటాయి."

"మరి వాటి సామాను ఎక్కడ పెట్టుకుంటాయి?"

"అదే కదా నా పని! నాలుగు కొత్త డిస్కులున్నాయి. నాలుగూ కలిపి ఒకే తానులాగా కుడతాను. అందులోంచి ఎవరికెంత కావాలో అంత కత్తిరించి ఇస్తాను. రేపు ఎవరికైనా చాలకపోతే మిగిలిన గుడ్డలోంచి అతుకేస్తాను."

"అతుకు కనపడుతుందా?"

"ఎవరికీ కనపడదు."

ఆయన తినడం ఆపి ఆవిడ వైపు చూశాడు. "నలభై ఏళ్లుగా కుడుతున్నా, నాకు రాలేదే ఆ విద్య!" అన్నాడు. మర్నాటి నుంచి జాకెట్టు కొలతలకి వచ్చిన ప్రతి మనిషికీ "మా ఆవిడ కనపడని అతుకులేస్తుంది" అని చెప్పడమే పని. సగం మంది ఆవిడ కూడా కుట్టుపని మొదలుపెట్టిందనుకున్నారు.

ఆవిడ భయమల్లా ఎక్స్‌రేల గురించే. పదకొండేళ్ల బొమ్మలు, విరిగిన ఎముకలూ నెమ్ము పట్టిన ఊపిరితిత్తులూ, అన్నీ ఒకే పాత డిస్కులో ఉన్నాయి. దాని నకలు ఉంచిన డిస్కు పోయిన నెల టకటకమని చప్పుడు చేసి చేసి చచ్చిపోయింది. ఇంకో నకలు తీద్దామంటే చోటు లేదు. కాబట్టి ఆ పాత డిస్కుని కొత్త యంత్రంలో పెట్టి, కొత్త డిస్కులతో ఆ గుడ్డ తాను సిద్ధం చేసి, బొమ్మలన్నీ అందులోకి మార్చాలి. అదొక్కటి చెడితే పదకొండేళ్లు గాల్లో కలిసిపోతాయి.

మార్పిడి రోజు పొద్దున్న పదింటికి ఆవిడ యంత్రం లేపి, కాగితం మీద రాసుకుంది: పాతది ఎ. కొత్తవి బి, సి, డి, ఇ. అంతా సవ్యంగానే ఉంది. భోజనాల వేళకి ఒక కొత్త డిస్కు దీపం వెలగలేదు. యంత్రం ఆపి, ఆ డిస్కుని వేరే గూట్లోకి మార్చి, మళ్లీ లేపింది. దీపం వెలిగింది. హమ్మయ్య అనుకుంది. కానీ యంత్రం మళ్లీ లేచిందంటే అక్షరాలు మళ్లీ పంచుకున్నాయన్నమాటే. పాతది డి అయి కూర్చుంది. కాగితం మీద మాత్రం పొద్దుటి అక్షరాలే ఉన్నాయి.

ఇంజనీరు కుర్చీలో, సూపరింటెండెంటు గుమ్మంలో, ఆయమ్మ డిస్కుల ముందు. మధ్యాహ్నం రెండు కావస్తోంది. ఆవిడ బి మొదలుపెట్టింది. యంత్రం అడిగింది: దీని మీద ఏవో పాత గుర్తులున్నాయి, చెరిపెయ్యమంటావా? కొత్త డిస్కులే అయినా తయారైన చోట ఏదో పరీక్షించి పంపినట్టున్నారు. ఆవిడ నంబరు చదివింది, ఆయమ్మ "ఉన్నా" అంది, అవునని కొట్టింది. సి కూడా అంతే. అదే ప్రశ్న, అదే జవాబు.

డి దగ్గరా అదే ప్రశ్న వచ్చింది.

"మేడమ్, నాలుగూ ఒకే రకం కదా," అన్నాడు ఇంజనీరు గడియారం చూసుకుంటూ. "ప్రతిదానికీ ఇది అవసరమా?"

"నాలుగింటికి నేను మీటింగులో చెప్పాలమ్మా, కానివ్వు కానివ్వు," అన్నాడు సూపరింటెండెంటు.

ఆవిడ చెవులు వేడెక్కాయి. చదువుకున్నవాళ్ల ముందు పిల్లల ఆట ఆడుతున్నట్టు సిగ్గేసింది. వేలు మీట మీదే ఉంది. ఒక్క క్షణం మానేద్దామనే అనుకుంది. కానీ ఇరవై రెండేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? మనసు ఒప్పుకోకపోయినా నోరు చదివేసింది.

"ఏడు, మూడు, తొమ్మిది, సున్నా."

జవాబు లేదు.

"ఆయమ్మా, పలకవేం? ఏడు, మూడు, తొమ్మిది, సున్నా!"

"అరవకు అమ్మాయ్, వినపడింది," అంది ఆయమ్మ తాపీగా. "ఆ నంబరు కొత్తవాటి మీద లేదు. ఇదిగో, ఈ చివర పాతదాని మీదుంది. దాన్ని కూడా తుడిచేస్తావా ఏంటి?"

ఆవిడ పైప్రాణాలు పైనే పోయాయి. మీట మీద నుంచి వేలు తియ్యడానికి కూడా భయమేసింది, ఎక్కడ నొక్కుకుపోతుందోనని. మెల్లగా తీసింది. వద్దని కొట్టింది. తర్వాత గోడకి ఆనుకుని నిలబడింది. ఇంజనీరు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు, తుడుస్తూనే ఉన్నాడు. సూపరింటెండెంటుకి ఏం జరగబోయిందో అర్థం కావడానికి కాస్త టైము పట్టింది, అర్థమయ్యాక గుమ్మం పట్టుకున్నాడు.

ఆయమ్మ ఒక్కతే హాయిగా ఉంది. "మంచినీళ్లు తాగు ముందు," అంది.

నీళ్లు తాగి, పొద్దుటి కాగితం చింపేసి, ఆవిడ మొదటి నుంచి మొదలుపెట్టింది. యంత్రం ఆపి పాత డిస్కుని పూర్తిగా బయటికి లాగి బల్ల మీద పెట్టింది. ఈసారి నాలుగు డిస్కులకీ మొదటి నుంచి హాజరు వేసింది. ఇంజనీరు గడియారం వైపే చూడలేదు. నాలుగు కొత్త డిస్కులూ ఒక తానయ్యాయి. అందులోంచి ఐదు ముక్కలు కత్తిరించింది. మందుల గదివాళ్లు అడిగినంత ఇస్తే దేశంలోని మాత్రలన్నీ అందులో పట్టేవి. వాళ్లు ఎప్పుడూ రెండింతలు అడుగుతారని ఆవిడకి తెలుసు కాబట్టి సగమే ఇచ్చి, మిగతాది తానులో ఉంచింది. నాలుగింటికి పది నిమిషాల ముందు ఐదు యంత్రాలూ లేచి నిలబడ్డాయి. అప్పుడు పాత డిస్కు పెట్టి బొమ్మల నకలు మొదలుపెట్టింది. అది మర్నాటిదాకా నడుస్తుంది.

మిగిలింది రిజిస్టరు. ఏ పని చేసినా అందులో రాయడం ఆవిడ పద్ధతి. పెన్ను తీసేసరికి సూపరింటెండెంటు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"ఆ డి సంగతి రాయకమ్మా. ఏమీ జరగలేదు కదా? ఆ ఇంజనీరు రేపు ఇదే చదువుతాడు. నీ కాళ్లు నువ్వే నరుక్కుంటావా?"

నిజమే. ఆ ఒక్క ముక్క రాయకపోతే గది తనది. రాస్తే ఓపీ కిటికీ. పెన్ను కాసేపు గాల్లోనే ఉంది. ఆవిడకి ఆ గదంటే ప్రాణం. దుమ్ము కొట్టుకుపోయిన గదిని ఊడ్చి, తీగలకి చీటీలు కట్టి, పిల్లలా పెంచుకుంది. అయినా రాసింది, గుండ్రటి చేతిరాతతో: "యంత్రం మళ్లీ లేపిన తర్వాత అక్షరాలు సరిచూడకుండా పొద్దుటి కాగితం నమ్మాను. మూడోదని పాత ఎక్స్‌రే డిస్కుని చెరపబోయాను. తప్పు నాది. హాజరు చెప్పిన ఆయమ్మ ఆపింది." సంతకం చేసి మూసేసింది.

మర్నాడు పదకొండింటికి ఎక్స్‌రే టెక్నీషియను కొత్త యంత్రంలోంచి అన్నిటికంటే పాత బొమ్మ తెరిచాడు. ఎవరిదో విరిగిన మణికట్టు, పదకొండేళ్ల నాటిది, వెంట్రుకంత చీలికతో సహా స్పష్టంగా ఉంది. తర్వాత లెక్క చూస్తే ఒక్క బొమ్మ కూడా తగ్గలేదు. ఆవిడకి ఆ మణికట్టుని ముద్దుపెట్టుకోవాలనిపించింది.

అప్పుడు ఇంజనీరు రిజిస్టరు అడిగాడు. ఆవిడ ఇచ్చి కిటికీ వైపు తిరిగి నిలబడింది. అతను ఆ పేజీ చదివాడు. మళ్లీ చదివాడు.

"ఇది రాస్తే మీకే దెబ్బని తెలుసా మేడమ్?"

"తెలుసు బాబూ. రాయకపోతే రేపు నా కుర్చీలో కూర్చున్నవాళ్లూ ఇదే తప్పు చేస్తారు. అప్పుడు ఆయమ్మ ఉండకపోవచ్చు."

అతను జేబులోంచి పెన్ను తీసి, ఆవిడ రాసిన దాని కింద రాయడం మొదలుపెట్టాడు. అయిపోయిందనుకుంది ఆవిడ. అతను రిజిస్టరు ఆవిడ వైపు తిప్పాడు. "మూడో డిస్కుకి హాజరు అక్కర్లేదన్నది నేను. నా మాట విని ఉంటే పదకొండేళ్ల బొమ్మలు పోయేవి. ఈ గది ఈవిడ చేతిలోనే ఉండాలి." కింద సంతకం.

ఆవిడకి అక్షరాలు మసకబారాయి. గుమ్మంలో నిలబడ్డ సూపరింటెండెంటు ఇదంతా చూస్తూనే ఉన్నాడు. ఇరవై ఏళ్లలో తప్పు తనదని ఆయన ఒప్పుకోగా విన్నవాళ్లు ఆ ఆసుపత్రిలో లేరు. వచ్చి, రిజిస్టరు తన వైపు లాక్కుని, నిలబడే ఒక్క లైను రాసి సంతకం చేసి, ఎవరి మొహమూ చూడకుండా గబగబా వెళ్లిపోయాడు.

"ఏం రాశాడమ్మాయ్?" అంది అప్పుడే టీ గ్లాసులతో లోపలికొచ్చిన ఆయమ్మ.

ఆవిడ కళ్లు తుడుచుకుని పైకి చదివింది. "తొందరపెట్టింది నేను."