మరమ్మతు మఠంతో వాదానికి అమీర్‌పేట ప్రయాణం

ఆదివారం పొద్దున ఆరూ ఇరవైకి కాజీపేటలో రైలెక్కినప్పుడు నా గెలుపు మీద నాకు ఇసుమంతైనా సందేహం లేదు. చేతిసంచిలో నీళ్ల సీసా, రెండు చపాతీలు, రెండు వందల పేజీల నోటుబుక్కు ఉన్నాయి. ఆ నోటుబుక్కులో ఒక మఠం ఉంది. దాన్ని కాపాడుకోవడానికే ఈ ప్రయాణం.

విషయం కాస్త ముందు నుంచి చెప్పాలి. నేను హన్మకొండలో జంతుశాస్త్రం చెప్పే లెక్చరర్ని. మేం అయిదుగురం మూడేళ్లుగా నెలకో ఆదివారం అమీర్‌పేటలో కూర్చుని ఒక ఆట ఆడుతున్నాం. నాలుగుగట్ల సీమ అనే లోకాన్ని మేమే కల్పించుకున్నాం. అక్కడ రెండు చందమామలు, ఉప్పు కురిసే వానలు, ఒక్కొక్కరికి ఒక్కో మఠం. ఇప్పుడా లోకాన్ని చిన్న పుస్తకంగా అచ్చు వేయిస్తున్నాం. మఠాలు అయిదు, వాటికి చోటిచ్చే గట్లు నాలుగే. చివరి గట్టు నాదా, ఖాజా భాయ్‌దా అన్నది ఈ రోజు వాదంలో తేలాలి. ఓడినవాళ్ల మఠానికి పుస్తకంలో చోటుండదు.

నాది వట్టిచేతుల మఠం. మా సన్యాసులు ఏదీ దాచరు. వండింది ఆ పూటే తింటారు, మిగిలితే పిట్టలకు వేస్తారు. గురువు మాట విన్నవాళ్ల నోట్లోనే బతకాలంటారు. పరీక్ష హాళ్లలో కాపలా కాస్తూ, డాక్టరు కోసం ఎదురుచూస్తూ మూడేళ్లు కూర్చిన మఠమిది. నేను పోయాక నాదంటూ మిగిలేది ఇదొక్కటేనని గట్టిగా నమ్మాను.

ఎదురు సీటు పెద్దాయన నోటుబుక్కు వంక చూసి, "ఎటు పోతున్నవమ్మా?" అన్నాడు.

"వాదానికి పోతున్న."

"ఆయితారం నాడు కోర్టు ఉంటదా?"

ఆయనకు రెండు చందమామల సంగతి వివరించే ఓపిక అప్పటికి లేదు. ఉంటుందని చెప్పి చపాతీ తీశాను.

ఎనిమిదిన్నరకు సికింద్రాబాద్. బయటికొచ్చి మెట్రో ఎక్కితే అమీర్‌పేట ఎంతో సేపు పట్టదు. వెళ్లేవాళ్లకు ఒక మాట. అక్కడ రెండు లైన్లు కలుస్తాయి. కోచింగ్ సెంటర్లుండే మైత్రీవనం వైపు ఏ మెట్లు దిగాలో పైనే అడిగి తెలుసుకోండి, లేకపోతే రోడ్డుకు అవతల తేలతారు. నేను మూడేళ్లుగా తేలుతూనే ఉన్నాను.

తొమ్మిదిన్నరకు ఇడ్లీ తిని, పదికల్లా మా చోటికి చేరాను. మా శ్రీధర్ గారిది భీమవరం. ఇక్కడొక కోచింగ్ సెంటర్లో కంప్యూటర్ పాఠాలు చెబుతారు. ఆదివారం ఖాళీగా ఉండే తరగతి గదిని మాకిప్పిస్తారు. బోర్డు మీద శనివారం పాఠం ఇంకా చెరపలేదు. దాని కిందే మా పటం అతికించారు.

"ఏంటి మేడం గారూ, సైన్యంతో వచ్చారా?" అన్నారాయన నా నోటుబుక్కు చూసి.

"ఒక్క బుక్కు చాలు సార్," అన్నాను.

ఖాజా భాయ్ అప్పటికే వచ్చి మూల బెంచీ మీద కూర్చున్నాడు. ఎర్రగడ్డలో మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేస్తాడు. చేతిలో కాగితం ముక్క కూడా లేదు. పాపం అనుకున్నాను.

మా వాదానికి ఒక కట్టుబాటు ఉంది. ఎదుటివాళ్ల సిద్ధాంతాన్ని ముందు మన నోటితో చెప్పాలి. వాళ్లు "ఔను, నేననేది ఇదే" అనేదాకా చెప్పాలి. ఆ తర్వాతే ఖండించాలి. పూర్వపక్షమనే ఈ పాత పండితుల పద్ధతిని ఆటలోకి తెచ్చింది నేనే.

నేనే మొదలుపెట్టాను. "మరమ్మతు మఠంలో ప్రతి సన్యాసి సంచిలో ఒక విరిగిన వస్తువు ఉంటుంది. అది తనది కాకూడదు. లోకం పుట్టుకతోనే కాస్త చెడి ఉంది కాబట్టి, ఇంకొకరిది బాగుచేస్తూ ఉండటమే ముక్తి."

"గంతే మేడం. నేననేది గదే," అన్నాడు ఖాజా భాయ్.

ఇక ఖండన అందుకున్నాను. విరిగినదాన్ని మోయడం కూడా దాచుకోవడమేనని ఇరవై నిమిషాలు దంచాను. శ్రీధర్ గారు తలూపుతున్నారు. మిగతా ఇద్దరు నావైపే ఉన్నారని ముఖాలు చూస్తే తెలుస్తోంది.

ఖాజా భాయ్ తీరిగ్గా లేచాడు. "మేడం మఠంల ఏదీ దాచరు. బువ్వ దాచరు, బట్ట దాచరు. గురువు మాట సుత దాచరు. కాయితం మీద వెడితె గది మాట కాదు, గోదాంల సరుకు. ఇన్నోడు ఇంకొకనికి నోటితోని చెప్పాలె. మర్శిపోయింది పోనీ అంటరు. కరెక్టేనా?"

నేనే ఇంత పొందికగా ఎప్పుడూ చెప్పలేదు. "ఔను, నేననేది ఇదే," అన్నాను గర్వంగా.

"మరి గా బుక్కేంది మేడం?"

నోటుబుక్కును నా వైపు లాక్కున్నాను.

"నేను ఖండిస్తలేను, అడుగుతున్న. గీ కితాబుల అచ్చయితె మీ మఠం ఉంటదా?"

మూడేళ్లు ఏదీ దాచవద్దని రాస్తూ రెండు వందల పేజీలు దాచి పెట్టాను. సిగ్గేసింది, ఏడుపు కూడా వచ్చింది. తప్పించుకునే దారులు ఒకటి రెండు తోచాయి కానీ, ఔనన్న మాట వెనక్కి తీసుకుంటే నేను తెచ్చిన కట్టుబాటే మంట కలుస్తుంది. లేచి వెళ్లి పటంలో నాలుగో గట్టు మీద మరమ్మతు మఠం అని నా చేత్తోనే రాశాను.

నోటుబుక్కును చెత్తబుట్ట దాకా తీసుకెళ్లాను. చెయ్యి వదలలేదు.

"పారేస్తరా? ఇటియ్యండి," అన్నాడు ఖాజా భాయ్. "మా సన్యాసి ఇన్ని రోజులు ఎవలిదో పగిలిన పిల్లనగ్రోవి మోసిండు. ఇగ గిది మోస్తడు."

"చదవొద్దు మరి," అంటూ ఇచ్చాను.

"సదివేదేముంది? మీ మఠం నాకు నోటికొచ్చింది గద."

ఒంటిగంటకు మెట్రోలో ఒక్క స్టేషన్ దూరం పోయి పంజగుట్టలో దిగాం. అందరం బిర్యానీ తిన్నాం, నేను కాస్త ఎక్కువే తిన్నాను. అక్కడ సందులో మా పుస్తకం పేజీలు కూర్చే డీటీపీ అన్న మా కోసం షాపు తెరిచి కూర్చున్నాడు. ఖాజా భాయ్ తన మఠం పేజీలో ఒక వాక్యం కొత్తగా కొట్టించాడు: పెద్ద సన్యాసి సంచిలో ఒక పుస్తకం ఉంటుంది, దాన్ని తెరవడు, అడిగినవాళ్లకు అందులోది నోటితో చెబుతాడు. నా మఠం పేరు ఎక్కడా రాయించలేదు. అడగాలని నాకూ అనిపించలేదు.

సాయంత్రం అయిదున్నరకు తిరుగు రైలు. పక్క సీటులో జనగామ ఆస్పత్రిలో పనిచేసే నర్సు కూర్చుంది.

"సంచి వట్టిగ ఉన్నది, సిటీల ఏం కొనలేదా అక్కా?"

ఈసారి ఓపిక ఉంది. రెండు చందమామలతో మొదలుపెట్టి వట్టిచేతుల మఠం నియమాలు ఒక్కొక్కటే చెప్పాను. అయిదో నియమం ఎంతకీ గుర్తు రాలేదు. ఆరోదానికి పోయాను. ఆమె టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కదలకుండా విన్నది.

జనగామ దగ్గర పడుతుండగా డబ్బా సంచిలో పెట్టుకుంటూ అన్నది, "మా వార్డుల ముసలామెకు నిద్ర రాదు అక్కా, రేపు డ్యూటీల గిది చెప్త. జర మొదటి నుంచి ఇంకోపాలి చెప్పు."

చెప్పాను. ఈసారి అయిదో నియమం ఆమే కల్పించింది.