కథలో అవ్వ ఎందుకు లేదు

మా నాన్న కోలారు బంగారు గనుల్లో పనిచేసేవాడు. గనులు సర్కారు చేతికి వచ్చాక పుట్టినదాన్ని నేను. కార్మికుల ఇళ్ల లైన్లలో మా గోడకు ఆనుకునే నా స్నేహితురాలి ఇల్లు. ఆమె పుట్టినప్పుడే తల్లి పోయింది. నాన్న, అవ్వ కలిసి పెంచారు. బడిలో ఇద్దరం ఒకే బెంచీ.

మా తెలుగు అయ్యవారు శనివారం చివరి పీరియడ్‌లో పిల్లల నవలలు చదివి వినిపించేవారు. ఏ పుస్తకం తీసినా మొదట్లోనే తల్లీ తండ్రీ పోయేవాళ్లు. ఆ తర్వాతే పిల్లవాడు గడప దాటి అడవికో పట్నానికో బయలుదేరేవాడు. మాకు అదే ఇష్టం. ఇంట్లోకి రమ్మని అరిచే అమ్మ ఉండదు, లెక్క తప్పితే చెవి మెలిపెట్టే నాన్న ఉండడు. వింటూ వింటూ మేమూ ఆ దారిన పడి పోయేవాళ్లం.

ఆ ఏడాది చదువుతున్న నవలలో ఒక అనాథ పిల్ల తనవాళ్లను వెతుక్కుంటూ కొండ ఎక్కుతోంది. కథ సగంలో ఉండగా, ఒకరోజు పొద్దుటి షిఫ్టులో గని లోపల ఒత్తిడికి బండ పేలి మీద పడింది. నా స్నేహితురాలి నాన్న ప్రాణంతో పైకి రాలేదు.

కర్మాంతరాలయ్యాక ఆమె బడికి వచ్చింది. ఆ శనివారం అయ్యవారు నవలను పక్కన పెట్టి, నక్కా కొంగా కథేదో మొదలుపెట్టారు. ఆమె లేచి నిలబడింది.

“సార్, ఆ పాప కొండెక్కతా ఉండె కదా. ఆమేలిక ఏమాయె?”

“ఆ కత ఇంగ వద్దులేమ్మా. ఇది బాగుంటాది,” అన్నారాయన, పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

ఆయనది మెత్తటి మనసు. ఆ పిల్ల ముందు తల్లీదండ్రీ లేని పిల్ల కథ ఎలా చదవాలో ఆయనకు తోచలేదు. ఆమె మెల్లగా కూర్చుంది. కొన్నాళ్లకే లైన్లో ఇల్లు ఖాళీ చేసి, అవ్వ ఆమెను సొంతూరు బైరకూరుకు తీసుకుపోయింది.

పెద్దయ్యాక నేను పిల్లల కథలు రాయడం మొదలుపెట్టాను. నేనూ ముందు అమ్మానాన్నలనే తీసేసేదాన్ని. వాళ్లుంటే పిల్లను ఎక్కడికీ పోనివ్వరు, కథ కదలదు.

గనులు మూతపడిన చాలా ఏళ్లకు, వేమగల్‌లో ఒక పెళ్లిలో ఆమె కనిపించింది. అక్కడే ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తోందట. భోజనాలయ్యాక పక్కపక్కన కూర్చున్నాం. నేను కథలు రాస్తానని విని నవ్వింది. తర్వాత అంది:

“అయ్యోరు ఆ పొద్దు చదివుంటే బాగుండు మే. ఆ పాప బతికుంటే నేనూ బతుకుతా అనుకోనుంటి. కడాకు ఏమాయె?”

నాకూ తెలియదు. బడి మూసేసినప్పుడు ఆ పుస్తకాల బీరువా ఎటు పోయిందో కూడా తెలియదు. అదే చెప్పాను.

“పోనీలే. మా అవ్వనడిగితే ఆమే చెప్పె. ‘పాప ఒగతే యాడ పోతాదే? యెనకాలే వాళ్లవ్వ పోతా ఉండాది, కొంగులో సంగటి ముద్ద కట్టుకోని’ అనె. ఇంగ ఏ కత చెప్పినా అంతే. రాచ్చసుడొస్తే అవ్వే ముందరికొచ్చి తిట్టేది.” నా వైపు తిరిగి అడిగింది, “మీ పుస్తకాల్లో అవ్వలు ఎందుకుండరు?”

అవ్వ చెప్పిన కథలు ఇంకా చెప్పమన్నాను.

“యాడ గుర్తుండాయమ్మా! ఆమె ఉన్నన్నాళ్లూ ఊరికే వింటి. పోయినాంక ఒగ్గటీ సరిగ్గా రాదు.”

ఇంటికి వచ్చి అవ్వను పెట్టి ఒక కథ రాశాను. ఆ అవ్వ నోరు తెరిస్తే నా మాటలే వచ్చాయి. రాక్షసుణ్ని తిట్టబోతే ఒక్క మంచి తిట్టు తోచలేదు. చింపేసి మళ్లీ రాశాను, మళ్లీ చింపేశాను. గోడ అవతలే ఉండేది ఆ ముసలామె, వాకిట్లో రాగులు చెరుగుతూ. ఒక్కరోజైనా దగ్గర కూర్చుని కథ చెప్పమని అడిగి ఉంటే ఎంత బాగుండేది! నా పుస్తకాల్లో పిల్లలు ఇప్పటికీ ఒంటరిగానే అడవికి పోతున్నారు.