పాత కొలతే

మెడలో టేపు లేకుండా టైలరును ఎవరూ చూసి ఉండరు. మాట్లాడుతున్నంతసేపూ దాని కొసను వేలికి చుడుతూ, విప్పుతూ ఉంటాడు. అతను కుట్టిన మొదటి చొక్కా చిన్ననాటి స్నేహితుడి పెళ్లి చొక్కా. ఒక చెయ్యి పొడుగైతే పెళ్లికూతురే మడతపెట్టి నవ్వింది. ఆ రోజు నుంచి ఆమె అతనికి చెల్లెమ్మ. స్నేహితుడు బడిలో లెక్కల మాస్టారయ్యాడు. నలభై ఏళ్లుగా, ఏడాదికోసారి, భార్యాభర్తలిద్దరూ కలిసే కొట్టుకు వస్తారు.

ఈసారి మాస్టారు ఛాతీకి టేపు చుట్టగానే టైలరు వేళ్లు ఆగిపోయాయి. నాలుగంగుళాలు తగ్గింది. మళ్లీ చుట్టి చూశాడు. అంతే.

"ఎంతరా?" అన్నాడు మాస్టారు.

"పాత కొలతే. నీకేం, గుండ్రాయిలా ఉన్నావు," అన్నాడు టైలరు. టేపు తీసి మళ్లీ మెడలో వేసుకున్నాడు.

మాస్టారు చెప్పులు వేసుకోవడానికి వెళ్లగానే చెల్లెమ్మ దగ్గరకొచ్చింది. "నాలుగంగుళాలు తగ్గించే కుట్టండన్నయ్యా. ఇప్పుడు వేసుకున్నది కూడా నేను లోపలికి కుట్టిందే. తెలిస్తే బెంగతో మంచం పడతారు," అంది మెల్లగా.

గుమ్మంలో మాస్టారు చొక్కా అంచు లాగి చూసుకున్నాడు. "మూడేళ్ల నాటి చొక్కారా ఇది. ఇప్పటికీ ఒంటికి అతికినట్టుంది."

టైలరు నవ్వబోయాడు. మెడలో టేపు బిగుసుకుంటున్నట్టు అనిపించి, తీసి బల్ల మీద పెట్టాడు.